నడకనూ సైకిలునూ పిల్లలకు నేర్పుదాం

బందరు కానివ్వండి, గుడివాడ కానివ్వండి, అవనిగడ్డ కానివ్వండి, ఉదయం బడి వేళకు ఏ పాఠశాల గేటు దగ్గర చూసినా ఒకటే రద్దీ. ఆటోలు, బడి బస్సులు, స్కూటర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఒక్కో స్కూటరు మీద తండ్రి, ఇద్దరు పిల్లలు, రెండు పుస్తకాల సంచులు, ఒక క్యారేజీ. ఆ పిల్లల్లో చాలామంది ఇళ్ళు బడికి రెండు కిలోమీటర్ల లోపే ఉంటాయి. ఆ దూరం నడిస్తే 25 నిమిషాలు. సైకిలు మీద 10 నిమిషాలు.

నడవండి, ఆరోగ్యానికి మంచిది అని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, మనం తలాడిస్తూనే ఉన్నాం. అయినా గుమ్మం దాటగానే చెయ్యి బండి తాళం మీదకే పోతుంది. సలహా ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తోంది. రోజూ వెళ్ళే చోటికి సొంత కాళ్ళ మీద క్షేమంగా వెళ్ళి రావడం ఈత లాంటి ఒక విద్య. మన పెద్దవాళ్ళకు దాన్ని ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ రాలేదు. అప్పటి రోడ్డు మీద ఎడ్లబండ్లు, రిక్షాలు, గంటకో బస్సు. ఈనాటి రోడ్డు మీద పిల్లవాణ్ణి ఊరికే వదిలితే ప్రమాదం, ఎప్పటికీ వదలకపోతే వాడికి ఆ విద్యే రాదు. నేర్పి వదలాలి. మేము ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇదొక్కటే.

మన నేల అనుకూలమైన నేల

కొండ ఊళ్ళలో సైకిలు తొక్కాలంటే తొడల్లో బలం కావాలి. మన కృష్ణా దిగువ డెల్టాలో ఆ బాధ లేదు. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. గుడివాడ నుంచి సముద్రం దాకా చెప్పుకోదగ్గ ఎత్తుపల్లాలు లేవు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఊరూరికీ వచ్చాయి. వాటి వెంట గట్లు వచ్చాయి. ఆ గట్ల మీదే మన తాతలు సంతకీ, పెళ్ళికీ, బడికీ నడిచారు. బందరు పట్నాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు సైకిలు మీద దాటడానికి అరగంట పడుతుంది. దివిసీమలో నాగాయలంక దగ్గర రేవు దాటి ఎదురుమొండి దీవికి వెళ్ళేవారిని అడగండి, పడవలోకి ఎక్కించడానికి ఏది సులువో చెబుతారు.

సరిగ్గా మనలాంటి నేలే ఉన్న దేశం ఒకటి ఉంది. వాళ్ళు మనకు కొత్తవాళ్ళు కూడా కాదు. 1605లో బందరుకు వచ్చి వర్తకం మొదలుపెట్టిన డచ్చివాళ్ళు, మన వాళ్ళు వలందులు అన్నవాళ్ళు. వాళ్ళ పేరు వలందపాలెంలో ఇప్పటికీ ఉంది. వాళ్ళ దేశమూ నదుల డెల్టాయే, నేల బల్లపరుపే. అక్కడ ఇప్పుడు జనం చేసే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే జరుగుతాయి.

అది మొదటి నుంచీ అలాగే ఉందనుకుంటే పొరపాటు. 1950, 60లలో అక్కడా కార్లు పెరిగాయి, సైకిళ్ళు తగ్గాయి. 1971 ఒక్క సంవత్సరంలో 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో పోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పిల్లల చావులు ఆపమని ఉద్యమం చేశారు. 1973లో చమురు కొరత వచ్చింది. ఆ రెండూ కలిసి ప్రభుత్వం చేత సైకిలు దారులు వేయించాయి. దారులతో పాటు చదువూ ఉంది. ప్రాథమిక పాఠశాల పూర్తయ్యేలోగా అక్కడి పిల్లలు రోడ్డు నియమాల మీద పరీక్ష రాస్తారు, సైకిలు తొక్కి చూపించే పరీక్షా ఇస్తారు. లెక్కలు, భాష నేర్పినట్టే దీన్నీ నేర్పుతారు.

ఒంటికి జరిగే మేలు

కదలికకూ గుండెకూ ఉన్న సంబంధం బస్సుల్లో బయటపడింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ అదే బస్సు, అవే వీధులు. కానీ గుండె జబ్బు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చింది. తపాలా శాఖలోనూ అంతే. నడిచీ సైకిలు తొక్కీ ఉత్తరాలు పంచేవారికంటే కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాలకు ఎక్కువగా వచ్చింది.

షుగరు వ్యాధి సంగతి మన ఇళ్ళలో కొత్తగా చెప్పక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందనీ, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారనీ తేల్చింది. నడక ఇక్కడ ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే నమ్మకం కుదురుతుంది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండల్లోకి పంపడానికి ఇన్సులిన్ కావాలి. షుగరు ఉన్నవారిలో ఆ ఇన్సులిన్ చాలదు, లేదా సరిగా పనిచేయదు. కాలి కండలు కదులుతున్నప్పుడు మాత్రం అవి ఇన్సులిన్ కోసం అంతగా చూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. భోజనమయ్యాక పావుగంట నడిస్తే షుగరు ఒక్కసారిగా పైకి పోకుండా ఉండేది అందుకే. అయితే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మందు మానకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం శ్రమ, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ ఉండాలని చెప్పింది. 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మంది ఆ కనీసాన్ని అందుకోవడం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. జిమ్ముకు డబ్బు లేదు, పార్కుకు తీరిక లేదు అనేవారి మాట నిజమే. కానీ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి రోజూ నడిచి వెళ్ళి వచ్చే పిల్లకు, తనకు కావలసిన 60 నిమిషాల్లో 50 దారిలోనే దొరికిపోతాయి. దానికి వేరే తీరిక అక్కర్లేదు.

ఊరికీ నేలకూ జరిగే మేలు

ఒక లెక్క వేసి చూద్దాం. ఇల్లు బడికి రెండు కిలోమీటర్లు. తండ్రి ఉదయం దించి తిరిగి వస్తాడు, సాయంత్రం వెళ్ళి తీసుకొస్తాడు. రోజుకు 8 కిలోమీటర్లు. బడి 220 రోజులు నడిస్తే 1,760 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి దాదాపు 39 లీటర్ల పెట్రోలు. ఖర్చు ఇంచుమించు నాలుగు వేల రూపాయలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే ఒక్క ఇంటి నుంచి, ఒక్క బడి ప్రయాణానికే ఏడాదికి 90 కిలోలు. పైగా ఇంజను వేడెక్కకముందే ఆగిపోయే చిన్న ప్రయాణాల్లో బండి ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పొగ వదులుతుంది.

బందరులో నాలుగు స్కూటర్లు ఆగినంత మాత్రాన సముద్రం వెనక్కు పోదని మాకు తెలుసు. కానీ సముద్రంతో మనకున్నంత లెక్క అందరికీ లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో పదివేల మంది దాకా ప్రాణాలు తీసింది. ఆ పేరు వింటే ఇప్పటికీ మాట ఆగిపోయే ఇళ్ళున్నాయి. తీరం దగ్గర బావులు ఉప్పబారడం, పొలాల్లోకి ఉప్పునీరు ఎగదన్నడం రైతులు చూస్తూనే ఉన్నారు. భూమి వేడెక్కితే సముద్ర మట్టం పెరుగుతుంది. అది పెరిగితే ముందు తెలిసేది మనలాంటి పల్లపు ప్రాంతాల వాళ్ళకే. అందుచేత మన వంతు మనం చేయడం న్యాయం. ఇక ఊళ్ళో పొగ, హారన్ల మోత, బడి గేటు ముందు తోపులాట మాత్రం బండ్లు తగ్గిన మర్నాడే తగ్గుతాయి.

పుదుక్కోట్టై మహిళలు

పెద్ద ఎత్తున సైకిలు నేర్పడం సాధ్యమా అన్నవారికి జవాబు పక్క రాష్ట్రంలో ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలునూ అందులో చేర్చారు. అక్షరాలు నేర్చుకున్న మహిళ బయటి పనులు తానే చూసుకోవాలంటే ఊరి నుంచి ఊరికి ఒకరి మీద ఆధారపడకుండా వెళ్ళగలగాలన్నది ఆలోచన. మొదట్లో ఎగతాళి చేసిన వాళ్ళు లేకపోలేదు. అయినా 70 వేల మందికి పైగా మహిళలు సైకిలు ప్రదర్శన పోటీల్లో పాల్గొన్నారని పాలగుమ్మి సాయినాథ్ రాశారు. వారిలో ముస్లిం యువతులూ ఉన్నారు. నీళ్ళ బిందె, పంట మూట, పసిబిడ్డ, అన్నీ సైకిలు మీదకే ఎక్కాయి.

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. హైస్కూలు దూరమని చదువు మానే పిల్లల సంఖ్య తగ్గింది. చదువులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఉన్న తేడా 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. మన రాష్ట్రంలోనూ బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. సైకిలు ఇవ్వడం సగం పని. ఇచ్చిన సైకిలు గోడకు ఆని తుప్పు పట్టకుండా ఉండాలంటే తొక్కడం నేర్పాలి, ధైర్యం చెప్పాలి.

మన ఆడపిల్లల విషయంలో బురఖా అడ్డం కదా అని అడుగుతారు. ముందు బార్ లేని లేడీస్ సైకిలు, నిండా మూసిన చైన్ కవరు, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా పెట్టే జాలీ ఉంటే బట్ట చిక్కుకోదు. నేర్పేది ఆడవాళ్ళే అయితే, నేర్చుకునే చోటు గోడ ఉన్న ఆవరణ అయితే, తల్లులకు అభ్యంతరం ఉండదు.

ఎలా నేర్పాలి

మొదట నడక. అయిదేళ్ళ నుంచి ఏడేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకునే నడవాలి, బండ్లు వచ్చే వైపు పెద్దవాళ్ళు ఉండాలి. దాదాపు పదేళ్ళు వచ్చేదాకా పిల్లలు వచ్చే బండి వేగాన్ని సరిగా అంచనా వేయలేరు. అది వాళ్ళ తప్పు కాదు, వయసు. రోడ్డు దాటే ముందు అంచున ఆగడం, ముందు కుడికి, తరవాత ఎడమకు, మళ్ళీ కుడికి చూడటం, పరుగెత్తకుండా దాటడం, ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటకపోవడం. ఇవి నోటితో చెబితే రావు, అదే దారిలో పదిసార్లు చేయించాలి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున నడవాలి.

ఒక వీధి పిల్లలంతా కలిసి, వంతులవారీగా ఒక పెద్ద వెంట నడిచి బడికి వెళ్ళే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. నడిచే బస్సు అని దానికి ముద్దు పేరు. పది ఇళ్ళు కలిస్తే ఒక్కో ఇంటికి రెండు వారాలకు ఒకసారే వంతు వస్తుంది. పది స్కూటర్లు ఇంట్లోనే ఉంటాయి.

తరవాత సైకిలు. మనం అద్దె సైకిలు తెచ్చుకుని అడ్డతొక్కుడుతో మొదలుపెట్టి మోకాళ్ళు చెక్కుకుని నేర్చుకున్నాం. ఇప్పుడు ఇంతకంటే సులువైన దారి ఉంది. సీటు బాగా కిందికి దించి రెండు పాదాలు నేలకు ఆనేలా చేయాలి. పెడళ్ళు ఊడదీయాలి. పిల్ల కాళ్ళతో నేలను తన్నుకుంటూ ముందుకు పోతుంది. రెండు మూడు రోజుల్లో కాళ్ళెత్తి కొంతదూరం జారడం వస్తుంది. బ్యాలెన్సు అంటే అదే. అప్పుడు పెడళ్ళు బిగిస్తే వెనక పట్టుకుని పరుగెత్తే పని ఉండదు.

తొక్కడం వచ్చినంత మాత్రాన రోడ్డెక్కించకూడదు. ఎక్కేముందు మూడు చూడాలి: గాలి, బ్రేకులు, చైను. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా వేయడం రావాలి. చక్రం వంకర పోకుండా కుడి భుజం మీదుగా వెనక్కు చూడటం, ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో సైగ చేయడం రావాలి. ఇవన్నీ మైదానంలో గీతలు గీసి నేర్పవచ్చు. రోడ్డు మీద ఎడమ పక్కగా వెళ్ళాలి. ఆగి ఉన్న ఆటో నుంచి ఎవరైనా దిగవచ్చు కాబట్టి చెయ్యి చాపేంత దూరం వదలాలి. పెద్ద కూడలిలో కుడికి తిరగాలంటే దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటడమే క్షేమం. వెనక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

ఇంకొక పాఠం కాగితం మీద. ఇంటి నుంచి బడికి దారిని పిల్లలచేత బొమ్మ గీయించాలి. మూత లేని మురుగు కాలువ, మలుపు, కుక్కలుండే చోటు, దీపం లేని సందు గుర్తు పెట్టించాలి. పిల్ల తన దారిని తాను చదువుకుంటుంది. అలాంటి ముప్పై బొమ్మలు పోగైతే మున్సిపాలిటీకో పంచాయతీకో ఇవ్వదగ్గ అర్జీ తయారవుతుంది.

నిజమైన భయాలు

తల్లిదండ్రుల భయం ఉత్తది కాదు. 2022లో మన దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో పోయారు. వారిలో 32 వేల మందికి పైగా నడిచి వెళ్ళేవారే. లారీలు పరుగెత్తే 65, 216 నంబరు జాతీయ రహదారుల మీద పిల్లల్ని సైకిలుతో పంపమని మేము అనడం లేదు. కాలువ గట్టు, లోపలి వీధి ఉన్నచోట ఆ దారినే వెతకాలి, అయిదు నిమిషాలు ఎక్కువైనా సరే. ఎండాకాలంలో ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు దాటాకే ప్రయాణం. నీళ్ళ సీసా వెంట ఉండాలి. గుడివాడ నుంచి బందరుకు కాలేజీకి వెళ్ళేవారు అంత దూరం తొక్కనక్కర్లేదు. స్టేషను దాకా సైకిలు, అక్కడి నుంచి రైలు. అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

కానీ అసలు ప్రమాదం వేరే వైపు ఉంది. నడకా సైకిలూ నేర్పని ఇళ్ళలో పద్నాలుగేళ్ళ పిల్లవాడి చేతికి నేరుగా మోటారు బండి వస్తోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ వయసులో ఆ వేగం ఇచ్చి పంపడం ప్రేమ అనిపించుకోదు.

దారి హక్కు

మనకు ఈ సంగతులు కొత్త కావు. మస్జిదు దగ్గరికి ఇళ్ళు మార్చుకోవాలనుకున్న బనూ సలమా తెగవారిని మహాప్రవక్త (స) ఉన్నచోటే ఉండమన్నారు, వారి అడుగులు పుణ్యంగా నమోదవుతాయని చెప్పారు. ఆయన శనివారాల్లో ఖుబా మస్జిదుకు ఒకప్పుడు నడిచి, ఒకప్పుడు వాహనం మీద వెళ్ళేవారని హదీసుల్లో ఉంది. దారిలో బాధ కలిగించే వస్తువును తీసివేయడాన్ని ఆయన దానంగా లెక్కించారు. దారికి హక్కులున్నాయన్నారు, ఎవరికీ ఇబ్బంది కలిగించకపోవడం వాటిలో ఒకటి. ఇక మనం జుమా నాడు మూడు వందల గజాల దూరానికి బండి వేసుకొచ్చి, మస్జిదు సందుకు అడ్డంగా నిలిపితే, ఆ సందులో ఉండే పొరుగువారు ఏ మతం వారైనా, వారి దారి హక్కును మనమే తీసుకున్నట్టు అవుతుంది. నడవగలిగిన వారు నడిచి వస్తే ఆ చోటు ముసలివారికీ వికలాంగులకూ మిగులుతుంది.

దారిని బాగు చేయడమంటే ఏమిటో మన పక్కనే చల్లపల్లిలో చూడవచ్చు. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతుల చొరవతో 2014 నవంబరులో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడుస్తారు, రోడ్ల అంచుల్లో చెట్లూ పూలమొక్కలూ పెంచుతారు. నీడ ఉన్న శుభ్రమైన రోడ్డు మీద నడవమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

మనం చేయగలిగినవి

పెద్ద నిధులు అక్కర్లేని నాలుగు పనులను సభ్యుల ముందు ఉంచుతున్నాం.

ఒకటి, ఇళ్ళలో మూలపడ్డ సైకిళ్ళను సేకరించి బాగు చేయించి, అవసరమైన విద్యార్థులకు ఇవ్వడం. కొత్తది కొనాలంటే అయిదారు వేలు కావాలి. పాతదానికి టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టెలు మారిస్తే చాలావరకు సరిపోతుంది. సదఖాగా ఇవ్వదలచిన వారికి ఇది మంచి మార్గం.

రెండు, వేసవి సెలవుల్లో ఉదయం పూట సైకిలు తరగతులు. ఆడపిల్లలకు వేరుగా, ఆడవారి చేత.

మూడు, ఒక్కో పేటలో ఒక్క వీధితోనైనా నడిచే బస్సు మొదలుపెట్టడం.

నాలుగు, జుమాకు, పండుగ నాడు ఈద్గాహ్‌కు నడవగలిగిన వారు నడిచే రావడం. ఈద్ నమాజుకు ఒక దారిన వెళ్ళి ఇంకో దారిన తిరిగి రావడం సున్నత్ కదా. ఆ రెండు దారులూ పిల్లలకు చూపించినట్టూ ఉంటుంది.

ఈ పనులకు కావలసింది వారానికి రెండు గంటలు ఇవ్వగల మనుషులు. సైకిలు మరమ్మతు తెలిసినవారు, నేర్పగల అక్కచెల్లెళ్ళు, ఉదయం ఒక వంతు పిల్లల వెంట నడవగల పెద్దలు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వండి. పేర్లు వచ్చిన పేట నుంచే మొదలుపెడదాం, ఇన్షా అల్లాహ్.